పెదనాన్న టికెట్ ఖలాస్

ఇరవై నాలుగేళ్ళ వయసులో మనకి అన్నీ తెలుసు, ఒక్క మన నోటి సంగతి తప్ప. ఆ రోజుల్లో నేను అచ్చంగా అలాగే ఉండేదాన్ని. రాస్ అల్ ఖైమాలో ఒక చిన్న క్లినిక్కులో నర్సుగా చేరి ఏడాది కూడా నిండలేదు, అప్పుడే నా గోదావరి తెలుగులో అరబ్బీ కలిసిపోయింది. అరబ్బీ వచ్చేసిందని కాదు సుమండీ! వచ్చిందల్లా నాలుగంటే నాలుగే మాటలు. యల్లా అంటే పద. ముదీర్ అంటే మేనేజరు. మాఫీ ముష్కిల్ అంటే పర్వాలేదు. నాలుగోది ఖలాస్. నన్ను ఇంజెక్షన్ల గదిలో వేశారు. కొండరాళ్ళు పిండి చేసే క్వారీల్లో లారీలు నడిపే ఆరడుగుల మనుషులు సూది చూడగానే కళ్ళు గట్టిగా మూసుకుని, 'ఖలాస్?' అని అడిగేవారు. నేను దూది అద్ది 'ఖలాస్!' అనేదాన్ని. అక్కడ ఆ మాటకి అర్థం 'పనైపోయింది, ఇంక బెంగ లేదు' అని. పొద్దున్నుంచి అదే మాట అనీ అనీ నాకు నాలుక మీద కూర్చుండిపోయింది. ఒకసారి అమ్మ ఫోన్ చేసి తిన్నావా అంటే, 'అన్నం ఖలాస్ అమ్మా' అన్నాను. 'అయ్యో, అన్నం అయిపోయిందా? మరి నువ్వేం తిన్నావే?' అని అమ్మ కంగారు పడిపోయింది. మా ఊళ్ళో ఖలాస్ అంటే మనిషి కథ ముగిసిందనో, గిన్నె అడుగంటిందనో అర్థం. అప్పుడే బుద్ధి తెచ్చుకోవాల్సింది. తెచ్చుకోలేదు.

ఇక మా పెదనాన్న గురించి చెప్పాలి. మా నాన్న పోయాక అమ్మనీ నన్నూ తన ఇంటి పక్క వాటాలోకి తెచ్చి పెట్టుకున్నది ఆయనే. నన్ను నర్సింగులో చేర్పించిందీ, దుబాయ్ పంపించే ఏజెంటు చుట్టూ నాతోపాటు తిరిగిందీ ఆయనే. (మావాళ్ళకి రాస్ అల్ ఖైమా అయినా, అల్ ఐన్ అయినా, అన్నీ దుబాయే.) ఆయనకి బతుకులో ఒకటే కోరిక: ఒక్కసారి ఎమ్మెల్యేగా పోటీ చేయడానికి పార్టీ టికెట్టు. ముప్పై ఏళ్ళు జెండా మోశారు, గోడల మీద రాతలు రాయించారు, ఎవరి ఊరేగింపులోనో ముందు నడిచి గొంతు పోగొట్టుకున్నారు. ప్రతి ఎన్నికకీ కొత్త చొక్కా కుట్టించుకుని కూర్చునేవారు. ప్రతిసారీ టికెట్టు ఇంకెవరికో పోయేది. 'ఈసారికి సర్దుకోండి' అని పార్టీవాళ్ళు భుజం తట్టేవాళ్ళు. 'తట్టీ తట్టీ ఆ భుజం అరిగిపోయింది, అటువైపు చొక్కా జారిపోతోంది' అనేది మా పెద్దమ్మ. పెద్దమ్మ టైలరు. ఆయన మోసిన జెండాలూ, మెడలో వేసుకున్న కండువాలూ అన్నీ ఆవిడ మిషను మీద కుట్టినవే. చుట్టుపక్కల ఊళ్ళలో సగంమంది ఆడవాళ్ళ ఆది జాకెట్లు ఆవిడ బీరువాలో ఉండేవి. మిగతా సగంమంది ఆవిడ దగ్గర కుట్టు నేర్చుకున్నవాళ్ళు. రాజకీయం మాట మాత్రం ఆవిడ నోట ఏనాడూ వినలేదు.

కరోనా ఆంక్షలన్నీ పోయి విమానాలు మామూలుగా తిరుగుతున్న రోజుల్లో మా ఎమ్మెల్యేగారు గుండెపోటుతో పోయారు. సీటు ఖాళీ అయింది, ఉప ఎన్నిక వచ్చింది. మామూలుగా అయితే పోయినాయన భార్యకి టికెట్టు ఇవ్వడం మావైపు ఆనవాయితీ, సానుభూతి ఓట్లు పడతాయని. (ఈ ఆనవాయితీని కాస్త గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.) కానీ పోయినాయనకి పెళ్ళే కాలేదు. సానుభూతి చూపించడానికి ఇంట్లో మనిషే లేక పార్టీ తికమకలో పడింది. మా పెదనాన్న కొత్త చొక్కా కుట్టించుకున్నారు. పార్టీ జిల్లా అధ్యక్షులవారు ఆయన్ని పిలిచి, 'మన నియోజకవర్గంలో ఇంటికొకరు గల్ఫులో ఉన్నారు. అక్కణ్ణుంచి ఒక ఆడకూతురు ఫోను కొడితే ఇక్కడ ఇంట్లో నాలుగు ఓట్లు కదుల్తాయి. వెళ్ళి వాళ్ళందర్నీ మనవైపు తిప్పుకుని రా. నీ టికెట్ సంగతి నేను చూస్తా' అన్నారట. అంతే, వారం తిరక్కుండా మా పెదనాన్న విజిట్ వీసా మీద నా గది ముందు దిగారు.

ముందే చెప్పాను. 'పెదనాన్నా, ఇక్కడ మైకు లేదు, జెండా లేదు, మీటింగులు అసలే కుదరవు. చుట్టంచూపుగా వచ్చినట్టు ఉండాలి' అని. ఆయన బిక్కమొహం వేశారు. 'మరి మాట్లాడేదెలాగే?' అన్నారు. 'నోటితో పెదనాన్నా. ఒక్కొక్కళ్ళతో. మెల్లిగా' అన్నాను. ముప్పై ఏళ్ళలో ఆయన మెల్లిగా మాట్లాడిన సందర్భం నాకు గుర్తులేదు. పార్టీ కండువా మాత్రం వదల్లేక, ఏసీ చలికని చెప్పి తిరగేసి మఫ్లరులా చుట్టుకున్నారు. ప్రార్థనయ్యాక చర్చి బయట మా జిల్లా ఆడవాళ్ళు నలుగురైదుగురు చొప్పున కనిపించేవాళ్ళు. అందరూ అరబ్బుల ఇళ్ళల్లో వంటా పిల్లల పనీ చేసుకునేవాళ్ళే. పెదనాన్న గొంతు సవరించుకుని దగ్గరికి వెళ్ళేసరికి వాళ్ళే మొదలెట్టేవాళ్ళు.

"ఆయ్, తమరాండీ! టైలరమ్మగారు బాగున్నారాండీ? ఇదిగో, ఈ జాకెట్టు ఆవిడ కుట్టిందేనండీ. ఆరేళ్ళైందండీ, ఒక్క కుట్టు ఊడితే ఒట్టండీ!"

"బాగుంది, బాగుంది. అది కాదమ్మా, మన ఉప ఎన్నిక..."

"ఆవిడకి చెప్పండి, డిసెంబరు సెలవుకి వస్తున్నానూ, మూడు జాకెట్ల గుడ్డ పెట్టుకోమన్నానూ అని. చేతులు కొంచెం వదులుగా అండీ. ఇక్కడ కుబ్బూసు రొట్టెలు తిని ఒళ్ళొచ్చేసిందండీ."

ఇలా మూడు రోజులు. మూడోరోజు పెదనాన్న నా గదిలో కుర్చీలో కూలబడి, "ఒసేయ్ చిట్టీ, నేను ఓట్లడగడానికి వచ్చానంటావా, జాకెట్ల ఆర్డర్లు తీసుకోడానికి వచ్చానంటావా?" అన్నారు. నేను నవ్వాను గానీ ఆయన నవ్వలేదు. "ఈసారి కూడా రాకపోతే ఇంక అడగనే. అరవై రెండొచ్చాయి. ఇంక ఎవడిస్తాడు?" అన్నారు మెల్లిగా. నిజంగానే మెల్లిగా అన్నారు. ఈ మనిషికి ఆ టికెట్టు వస్తే చాలు దేవుడా, నాకింకేం వద్దు అనుకున్నాను.

ఆ మధ్యాహ్నమే అధ్యక్షులవారి నుంచి కబురు. రేపే పేరు ప్రకటిస్తారు, సాయంత్రానికల్లా మనిషి ఊళ్ళో ఉండాలి అని. పెదనాన్న తిరుగు విమానం ఇంకా నాలుగు రోజులకి ఉంది. నేను ట్రావెల్స్ షాపు మీద దండయాత్ర చేశాను. సీట్లు లేవన్నాడు. బతిమాలాను. ముదీర్‌ని అడగాలన్నాడు. ముదీర్‌నే పిలవమన్నాను. నేను కుర్చీలోంచి లేవనని తెలిశాక మర్నాటి షార్జా విమానంలో ఒక సీటు దొరికింది, అదీ కిటికీ పక్కన! ఆ ఆనందంలో పెదనాన్న పెట్టె సర్దాను. ఖర్జూరాలు, పాలపొడి డబ్బాలు, రెండు దుప్పట్లు, పెద్దమ్మ కోసం ఆయన రహస్యంగా కొన్న కత్తెర. ఇవన్నీ కుక్కేసరికి జిప్పు ఊడిపోతే పైన తాడు కట్టాను. పొద్దున్నే ఆయన్ని టాక్సీ ఎక్కించి, డ్యూటీకి పరిగెడుతూ, ఊళ్ళో ఆయన కుడిభుజమైన మైకు బాబాయికి వాయిస్ మెసేజీ పెట్టాను. (ఆటోకి మైకు కట్టుకుని ఊరూరా చాటింపు వేయడం ఆయన పని, అందుకే ఆ పేరు. ఊళ్ళో ఒక విషయం దాచాలంటే చెప్పకూడని మొట్టమొదటి మనిషి.) ఆ మెసేజీ నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"బాబాయ్! పెదనాన్న టికెట్ ఖలాస్! ఇంక ఎవరూ బెంగ పెట్టుకోకండి. సాయంత్రం అయిదింటికి గన్నవరం వచ్చేస్తారు. పెట్టె చాలా పెద్దది, కార్లో పట్టదు, వ్యాను తీసుకురండి!"

ఎంత పని చేసిపెట్టానో అని మురిసిపోతూ ఫోను లాకర్లో పడేసి ఇంజెక్షన్ల గదిలోకి వెళ్ళిపోయాను. డ్యూటీలో ఫోను కనబడితే మా ముదీర్ ఊరుకోడు. పెదనాన్న ఇండియా సిమ్ము ఇక్కడ పని చేయదు, నా గది వైఫై దాటితే ఆయన ఫోను ఉత్త డబ్బా. అంటే ఎనిమిది గంటలపాటు మా ఇద్దరిలో ఎవరికీ ఫోను లేదు.

మూడింటికి (మన ఊళ్ళో అప్పుడు నాలుగున్నర) లాకరు తీస్తే ఫోను వేడెక్కి ఉంది. తొంభై చిల్లర మిస్డ్ కాల్స్. 'ధైర్యంగా ఉండు తల్లీ', 'దేవుడు ఆదరించును గాక' అని మెసేజీలు. ఎవరికేమైందో అర్థం కాలేదు. వెంటనే మైకు బాబాయికి ఫోన్ చేశాను.

"చిట్టితల్లీ! ఎలా జరిగిందమ్మా?" అన్నారు ఆయన, గొంతు బొంగురుపోయి.

టికెట్ గురించి అడుగుతున్నారనుకున్నాను. "ట్రావెల్స్ వాడి కాళ్ళావేళ్ళా పడితే జరిగింది బాబాయ్. ముందు కుదరదన్నాడు."

అవతల వెక్కిళ్ళు. "ఆఖర్న ఏమన్నా అన్నారా అమ్మా?"

"ఆఁ. పెద్దమ్మకి కత్తెర కొన్నాను, చెప్పకే అన్నారు."

వెక్కిళ్ళు ఎక్కువయ్యాయి. "పెట్టెకి సీలు గట్రా వేశారా?"

"తాడు కట్టాను బాబాయ్."

"తాడా!"

"గట్టిగానే కట్టాన్లే. జిప్పు ఊడిపోయింది మరి."

"జిప్పేంటమ్మా... సరే, ఇక్కడ ఎండ మండిపోతోంది. ఐసు పెట్టె చెప్పమంటావా?"

"ఖర్జూరాలకి ఐసెందుకు బాబాయ్?"

అవతల ఆటోకి సడన్ బ్రేకు వేసిన చప్పుడు.

"ఖర్జూరాలేంటి?"

"పెట్టెలో ఉన్నవి."

"మరి... మీ పెదనాన్న?"

"సీట్లో ఉంటారు. కిటికీ పక్కన వేయించాను."

అప్పుడు మైకు బాబాయ్ ఏడ్చిన ఏడుపు అంతకుముందుదాని కన్నా పెద్దది. తర్వాత నెమ్మదిగా విషయం తెలిసింది. మా ఊళ్ళో 'టికెట్ తీసుకున్నాడు' అంటే పైకి పోయాడని. ఖలాస్ అంటే సరేసరి. ఇక గల్ఫునుంచి మనిషి 'పెట్టెలో' వచ్చాడంటే మావైపు ఏ ఇంటికీ వివరించక్కర్లేదు. మూడు మాటలనీ ఒకే మెసేజీలో పేర్చి, కింద వ్యాను కూడా అడిగాను. అందులోనూ చెప్పింది నర్సు, ఇంక అనుమానమెవరికి? "నవ్వుతూ చెప్పిందేంటా అనుకున్నాలేమ్మా. దుఃఖం పట్టలేక అలా అయిపోయిందనుకున్నా" అన్నారు బాబాయ్. తొమ్మిదింటికల్లా ఆయన ఆటోకి నల్లజెండా కట్టి నియోజకవర్గమంతా చాటడం మొదలెట్టారు.

పెద్దమ్మకి ఫోన్ చేసి ఒక్క మాట మాట్లాడలేక భోరుమన్నాను. ఆవిడ మాత్రం నిబ్బరంగా ఉంది.

"నేను నీ మెసేజీ మూడుసార్లు విన్నానే. అంత హుషారుగా చెప్పిందంటే మనిషి పోలేదు, ఏదో పనయ్యుంటుంది అనుకున్నా. చెబితే ఎవరు వింటారు? మధ్యాహ్నానికి అధ్యక్షులవారు దండ పట్టుకుని వచ్చేశారు, వెనక టీవీ వాళ్ళు. 'ఆయన బతికే ఉన్నారండీ' అన్నాను. 'అవునమ్మా, మన గుండెల్లో ఎప్పుడూ బతికే ఉంటారు' అన్నారు. 'కాదండీ, సాయంత్రం వచ్చేస్తారండీ' అన్నాను. మనం చర్చికి వెళ్ళేవాళ్ళమని తెలుసు కదా, 'మీ విశ్వాసం గొప్పదమ్మా' అని కళ్ళు తుడుచుకున్నారు."

"తర్వాత?"

"తర్వాతేముంది, అరుగు మీద నిలబడి మైకులో ప్రకటించేశారు. అమరుడైన మా సోదరుడి ఆశయం కోసం ఆయన సతీమణికే టికెట్ ఇస్తున్నామని. బీఫాం నా చేతిలో పెట్టారు."

బీఫాం అంటే పార్టీ అభ్యర్థి ఫలానా అని రాసిచ్చే కాగితం. ముప్పై ఏళ్ళుగా పెదనాన్న కలగన్న కాగితం. నేను లాకరు గదిలో నేల మీద కూర్చుండిపోయాను. "నేనే ఆయన టికెట్టు పోగొట్టాను పెద్దమ్మా! నా నోరు పడిపోనూ!" అని ఏడ్చాను.

"ఊరుకోవే. ఆయన్ని రానీ. వద్దన్నారంటే పొద్దున్నే తీసుకెళ్ళి వెనక్కిచ్చేస్తాను" అంది పెద్దమ్మ. ఆ మాట ఆవిడ నిజంగానే అంది.

గన్నవరంలో ఏం జరిగిందో మైకు బాబాయ్ తర్వాత ఎన్నిసార్లు చెప్పించుకున్నా విసుక్కోకుండా చెప్పారు. తెల్లపూల వ్యాను తిప్పి పంపే వ్యవధి లేకపోయిందట. పెదనాన్న ట్రాలీ తోసుకుంటూ బయటికి రాగానే మనుషులు మీద పడి కావలించుకుని ఏడ్చారు. ఆయన ఇదంతా టికెట్ వచ్చిన ఆనందమనుకున్నారు. వ్యానుకి కట్టిన తన ఫోటో చూసి, "ఫోటో బాగా వేయించావురా. దండెందుకు వేశావు?" అన్నారు. తర్వాత, "వచ్చిందా?" అని అడిగారు. "వచ్చిందండీ" అన్నారు బాబాయ్. "ఎవరికి?" అంటే మాత్రం ట్రాలీ అందుకుని ఆయన్ని వ్యానెక్కించారు. దారిపొడుగునా చెప్పుకొచ్చారట, వ్యాన్లో ఆ పూల మధ్య కూర్చోబెట్టి.

ఇంటికొచ్చేసరికి జనం. పెద్దమ్మ కాగితం ఆయన చేతిలో పెట్టి, "ఇచ్చేద్దామాండీ?" అంది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారట. పైన పెద్దమ్మ పేరు. కింద భర్త పేరు అన్నచోట ఆయన పేరు. "రెండో వరసలో నా పేరుంది కదే" అన్నారు. కాగితం మడత నలగకుండా బీరువాలో, ఆది జాకెట్ల పైన పెట్టి స్నానాలగదిలోకి వెళ్ళారు. కుళాయి చాలాసేపు పారిందట. ఆయన ఏడ్చారని నాకు తెలుసు, పెద్దమ్మకీ తెలుసు. బయటికొచ్చి, "మైకెక్కడరా? రేపట్నుంచి టైలరమ్మ ప్రచారం" అన్నారు.

మర్నాడు ఆయనే నాకు ఫోన్ చేశారు. నేను క్షమించమని ఏడుపు మొదలెట్టగానే ఆపేశారు. "ఊరుకో చిట్టీ. ముప్పై ఏళ్ళు బతికుండి అడిగితే ఇవ్వని టికెట్టు, మూడు గంటలు చచ్చిపోతే ఇంటికి తెచ్చిచ్చారు. ముందే తెలిస్తే ఎప్పుడో పోయేవాణ్ణి కదే!" అన్నారు. నవ్వుతూనే అన్నారు. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, రెండూ ఒకేసారి.

ఎన్నిక సంగతంటారా? టీవీల్లో చెప్పేసిన పేరు మళ్ళీ మార్చడానికి అధ్యక్షులవారికి మొహం చెల్లలేదు. పెద్దమ్మకి ఓటర్ల జాబితా అక్కర్లేకపోయింది, కొలతల పుస్తకం సరిపోయింది. ఏ గడప ఎక్కినా ఆడవాళ్ళ పేర్లే కాదు, వాళ్ళ భుజాల కొలతలు కూడా చెప్పేది. పక్కన పెదనాన్న గొడుగు పట్టుకుని నిలబడేవారు. చనిపోయి లేచొచ్చిన మనిషిని చూద్దామని ఊళ్ళకి ఊళ్ళు కదిలొచ్చేవి, వచ్చినవాళ్ళు పెద్దమ్మ మాట విని వెళ్ళేవాళ్ళు. ఇక్కణ్ణుంచి మా చర్చి అక్కలు ఇళ్ళకి ఫోన్లు కొట్టారు, ఎవరూ చెప్పకుండానే. 'టైలరమ్మకి వెయ్యకపోతే సెలవుకొచ్చాక మీ పని చెప్తా' అని ఒకావిడ నా ఎదురుగానే మొగుణ్ణి బెదిరించింది. సానుభూతి ఓట్లు కూడా బాగానే పడ్డాయి. కాకపోతే ఆయన పోయారని కాదు, ఇలాంటి మనిషితో ముప్పై ఏళ్ళు వేగిందని. పెద్దమ్మ గెలిచింది. నేను ఆ రోజు క్లినిక్కులో సూది వేయించుకున్న ప్రతివాడికీ ఖర్జూరం పెట్టాను.

ఇప్పుడు నేను ఇంజెక్షన్ల గదిలో సీనియర్ని. మొన్న మా పక్క జిల్లా నుంచి కొత్తగా వచ్చిన అమ్మాయి ఒకతె, లాకరు గదిలో ఫోనులో హుషారుగా, "అమ్మా, నా టికెట్ ఖలాస్!" అంటోంది. నేను ఒక్క దూకు దూకి ఆ ఫోను లాక్కున్నాను. "అమ్మగారూ, మీ పిల్ల నిక్షేపంలా ఉందండీ. విమానం టికెట్టు దొరికింది, అంతే. తన కాళ్ళ మీదే నడిచి వస్తుంది" అని చెప్పి తిరిగిచ్చాను. ఆ పిల్ల నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. చూడనీ. నాకు మాత్రం ఆ పిల్ల స్థానంలో, మెసేజీ పెట్టి, ఫోను లాకర్లో పడేసి, లోకాన్ని ఉద్ధరించినంత సంబరంగా పరిగెత్తిన ఇరవై నాలుగేళ్ళ చిట్టి కనిపించింది. దాన్ని తిట్టబుద్ధి కాలేదు.

పెదనాన్న ఇప్పటికీ వారం వారం ఫోన్ చేస్తారు. ఆ మాట ఆయనకి భలే పట్టుబడింది. మాటలయ్యాక "సరే చిట్టీ, ఇంక ఖలాస్!" అని పెట్టేయబోతారు. వెనక కుట్టుమిషను చప్పుడు ఒక్క క్షణం ఆగి, మా ఎమ్మెల్యేగారి గొంతు వినిపిస్తుంది.

"బతికే ఉన్నారే, కంగారుపడకు!"